ఆటకు ముందు ఎన్ని నిమిషాలు?

(మన సంఘం వార్షికోత్సవ సభలో, పిల్లల బాస్కెట్‌బాల్ పోటీల ముందురోజు సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మీరు ఇన్నేళ్లు ఫిజికల్ ట్రైనింగ్‌లో పనిచేశారు కదా, ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఆరోగ్యం అంటే మరీ పెద్ద సముద్రం. నేను ఒక చిన్న చెరువు ఎంచుకున్నాను. బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలు, అంటే పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లు, ఆటకు ముందు ఎంతసేపు వార్మప్ చెయ్యాలి? ఇంతే విషయం. దీనికి అరగంట ప్రసంగం ఎందుకయ్యా అని మీకు అనిపించవచ్చు. నేను చూసినంతలో మన కంటోన్మెంటు పిల్లల్లో సగం మంది ఆట మొదలవకముందే అలిసిపోతున్నారు. మిగతా సగం మంది కోర్టులోకి దిగే సమయానికి చల్లబడిపోతున్నారు. ఈ రెండూ ఎవరి కంటికీ కనపడవు. "అబ్బాయికి స్టామినా లేదండీ" అనేసి ఊరుకుంటాం.

మనందరికీ ఒక అలవాటుంది. పొద్దున్నే ఐదింటికి ఫాలిన్, ఉస్తాద్ గారి విజిల్, గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు, ఆపైన వరుసగా నిలబడి "ఏక్, దో, తీన్, చార్". ఇదే వార్మప్ అని మన మనసులో ముద్ర పడిపోయింది. ఇంకో మాట కూడా రిక్రూటుగా చేరిన రోజునుంచి వింటూనే వచ్చాం: శాంతికాలంలో ఎంత చెమట కారిస్తే యుద్ధంలో అంత రక్తం మిగులుతుందని. ట్రైనింగ్‌కి అది అక్షరాలా నిజం. కానీ మ్యాచ్‌కి ముందున్న గంటకి దాన్ని అన్వయిస్తే పిల్లవాడు నష్టపోతాడు. ఆ గంట ట్రైనింగ్ కాదు. అప్పుడు కొత్తగా బలం సంపాదించేది ఏమీ ఉండదు, ఉన్న బలాన్ని బయటికి తీసుకురావడమే పని.

వార్మప్ వల్ల ఒంట్లో జరిగేదేమిటో ముందు చూద్దాం. ఆ పేరులోనే ఉంది, వేడి. కదలిక మొదలుపెట్టగానే కండరం ఉష్ణోగ్రత పెరుగుతుంది. మొదటి మూడు నుంచి ఐదు నిమిషాల్లో గబగబా పెరిగి, పది నుంచి ఇరవై నిమిషాల మధ్య ఒక మట్టానికి చేరుకుని అక్కడ నిలిచిపోతుంది. కండరం వేడెక్కితే కుంచించుకునే వేగం పెరుగుతుంది, నరాల నుంచి ఆజ్ఞ త్వరగా అందుతుంది, రక్తం నుంచి ఆక్సిజన్ సులువుగా విడివడుతుంది. కోపెన్‌హాగెన్‌లో ఆస్ముసెన్, బోయే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1945లోనే కండరం వేడికీ పని సామర్థ్యానికీ ఉన్న సంబంధాన్ని కొలిచి చూపించారు. ఆ తరువాత జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, కండరం ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినందుకు దూకడం, పరుగందుకోవడం వంటి చురుకైన పనుల్లో సుమారు 2 నుంచి 5 శాతం లాభం ఉంటుందని తేలింది. నలభై సెంటీమీటర్లు ఎగరగల కుర్రవాడికి 5 శాతం అంటే రెండు సెంటీమీటర్లు. రీబౌండ్‌లో బంతి ఎవరి వేలికి తగిలిందో తేల్చేది ఆ రెండు సెంటీమీటర్లే.

ఇక్కడ ఆడవాళ్లకు చప్పున అర్థమయ్యే పోలిక ఒకటి చెబుతాను. దోసె పెనం ఉంది. వేడెక్కకముందే పిండి పోస్తే అంటుకుపోతుంది. సరిగ్గా కాలాక పోస్తే దోసె తనంతట తనే లేస్తుంది. అయితే పెనం కాలిన తరువాత ఇంకో అరగంట మంట మీదే ఉంచితే దోసె ఇంకా బాగా వస్తుందా? రాదు, గ్యాసు దండగ. అలాగని కాలిన పెనాన్ని దించి గట్టు మీద పెట్టి, పక్కింటావిడతో అరగంట మాట్లాడి వచ్చి పిండి పోస్తే? మళ్లీ మొదటికొచ్చింది. నేను చెప్పబోయేదంతా ఈ పెనం సంగతే.

మొదట గ్యాసు దండగ సంగతి. కెనడాలో సైకిల్ పందేల ఆటగాళ్ల మీద జరిగిన ఒక పరిశోధన 2011లో ప్రచురితమైంది. ట్రాక్ మీద స్ప్రింట్ తొక్కేవాళ్లు అలవాటుగా ముప్పావుగంట పైనే వార్మప్ చేసేవారు. అదే ఆటగాళ్లతో ఇంకో రోజు పదిహేను నిమిషాల తేలికపాటి వార్మప్ చేయించి రెంటినీ పోల్చారు. పొట్టి వార్మప్ తరువాత వాళ్ల గరిష్ఠ శక్తి 6 శాతం పైచిలుకు ఎక్కువగా వచ్చింది. పొడుగు వార్మప్ వాళ్ల కండరాలను వేడెక్కించడంతోపాటు అలిసిపోయేలా కూడా చేసిందన్నమాట. వాళ్లు ఏళ్ల తరబడి శిక్షణ పొందినవాళ్లు. మన ఎనిమిదో క్లాసు పిల్లవాడి సంగతి మీరే ఊహించుకోండి.

పైగా బాస్కెట్‌బాల్ మన 5 కిలోమీటర్ల పరుగులాంటిది కాదు. ఆస్ట్రేలియా ఆటగాళ్ల మ్యాచ్‌లను పరిశీలించి 1995లో ప్రచురించిన లెక్కల ప్రకారం ఒక్కో ఆటగాడి కదలిక ఒక మ్యాచ్‌లో దాదాపు వెయ్యిసార్లు మారింది. అంటే రెండు సెకన్లకొకసారి. పరిగెత్తడం, ఆగడం, పక్కకి జరగడం, ఎగరడం, వెనక్కి తిరగడం. కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. అందులో ఎవరూ ఒక్కతీరుగా అరకిలోమీటరు పరుగు తీయరు. మరి గ్రౌండు చుట్టూ ఎనిమిది రౌండ్లు తిప్పి ఏ పనికి సిద్ధం చేస్తున్నాం? గుండెకి కొంత మంచిదే. కాని చీలమండకి, మోకాలికి, కంటికి, చేతికి ఆ రౌండ్లు నేర్పేదేమీ లేదు.

నేను రిటైరయ్యాక ఒక ఊళ్లో పిల్లల సెలక్షన్ ట్రయల్స్ చూడటానికి వెళ్లాను. ఊరు పేరు, జట్టు పేరు అనవసరం. ఏప్రిల్ ఎండ. ఎనిమిదిన్నరకి మొదలని చెప్పి పిల్లల్ని ఏడింటికే పోగుచేశారు. ఒక శిక్షకుడు తన పిల్లల్ని నలభై ఐదు నిమిషాలు పరిగెత్తించి, కప్పగంతులు వేయించి, పుష్‌అప్స్ తీయించాడు. మన భాషలో దాన్ని వార్మప్ అనరు, రగడా అంటారు. పాపం ఆయన ఉద్దేశం మంచిదే, పిల్లలు గట్టిగా కనపడాలని. తీరా అధికారులు వచ్చి, కాగితాలు సరిచూసి, ఛాతీ నంబర్లు కుట్టించి, మొదటి పరీక్ష పెట్టేసరికి తొమ్మిదిన్నర దాటింది. గంటసేపు పిల్లలు గోడనీడన కూర్చున్నారు. అలసట పూర్తిగా పోలేదు, వేడి మాత్రం పూర్తిగా పోయింది. అందులో ఒక పొడుగాటి కుర్రవాడు, మన తెలుగు హవల్దారు కొడుకే, అంతకుముందురోజు ప్రాక్టీసులో బోర్డు అంచు అందుకున్నవాడు, ఆ రోజు వల దాకా కూడా లేవలేదు. మూడు ఛాన్సులూ అయిపోయాయి. జాబితాలో వాడి పేరు లేదు. వాళ్ల నాన్న వాణ్ణి ఏమీ అనలేదు, కాని స్కూటర్ మీద వెనక కూర్చున్న ఆ పిల్లవాడి ముఖం ఇప్పటికీ నాకు గుర్తుంది. వాడికి స్టామినా లేక కాదు. వాడి పెనం గట్టుమీద ఉండిపోయింది.

ఆర్మీ బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీల సంగతి మీకు తెలుసు. చిన్న వయసులోనే పిల్లల్ని ఎంచుకుని చదువు, వసతి, శిక్షణ ఇస్తారు. మన కుటుంబాల్లో ఎందరికో అది జీవితంలో పెద్ద మలుపు. అలాంటి ఎంపికలో పిల్లవాడికి దక్కేది కొద్ది నిమిషాలు. అందుకే ఈ చిన్న చెరువులోకి దిగాను.

ఇక బెంచీ సంగతి. నా దృష్టిలో అసలైన సమస్య ఇదే, దీని గురించే మనం తక్కువ మాట్లాడుకుంటాం. వార్మప్ ఆపిన తరువాత పదిహేను ఇరవై నిమిషాల్లో కండరం వేడి చాలావరకు దిగిపోతుంది. గ్రీస్ దేశంలో బాస్కెట్‌బాల్ ఆటగాళ్లతోనే ఈ పరీక్ష చేసి 2012లో ప్రచురించారు. వార్మప్ చేయించి, కూర్చోబెట్టి, మధ్యమధ్యలో లేపి ఎగరమన్నారు, పరిగెత్తమన్నారు. కూర్చున్న నిమిషాలు పెరిగేకొద్దీ ఎగిరే ఎత్తు తగ్గుతూ పోయింది, పరుగు మందగిస్తూ పోయింది. డెన్మార్క్‌లో ఫుట్‌బాల్ ఆటగాళ్లతో చేసిన ఇంకో పరీక్ష 2004లో వచ్చింది. హాఫ్ టైమ్‌లో ఊరికే కూర్చున్నవాళ్లు రెండో సగం మొదట్లో 2 శాతానికి పైగా నెమ్మదించారు. ఆ విరామంలోనే కొద్ది నిమిషాలు మోస్తరుగా కదిలినవాళ్ల వేగం మాత్రం తగ్గలేదు.

మన ఆటలో అంతర్జాతీయ నిబంధనల ప్రకారం పది నిమిషాల క్వార్టర్లు నాలుగు, హాఫ్ టైమ్ పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాలూ కోచ్ గారు బోర్డు మీద బాణం గుర్తులు గీస్తూ ఉంటే పిల్లలు నేలమీద చతికిలబడి వింటూ ఉంటారు. మూడో క్వార్టర్ మొదటి మూడు నిమిషాల్లో మనవాళ్లు వరుసగా బాస్కెట్లు ఇచ్చుకోవడం మీరు చూసే ఉంటారు. కోచ్‌లకు నా మనవి: మీ పాఠం పది నిమిషాల్లో ముగించండి. చివరి నాలుగైదు నిమిషాలు పిల్లల్ని కాళ్ల మీద ఉంచండి.

బెంచీ మీది పిల్లలది ఇంకా కష్టం. మొదటి క్వార్టర్‌లో కూర్చున్నవాడు గడియారం లెక్కలో పది నిమిషాలే కూర్చున్నట్టు కనిపిస్తాడు. ఫౌళ్లు, టైమౌట్లు, ఫ్రీత్రోలు కలిపితే అసలు కాలం ఇరవై నిమిషాలకి తక్కువ ఉండదు. ఒక్కసారిగా "నువ్వు దిగు" అంటారు. దిగిన మొదటి పరుగులోనే వాడి తొడ వెనక కండరం పట్టేస్తుంది, లేదా ఎదుటివాడు సులువుగా దాటిపోతాడు. కోచ్ వాణ్ణి రెండు నిమిషాల్లో లాగేస్తాడు. ఈ కూర్చున్న పిల్లలు బెంచీ వెనక నిలబడి మునివేళ్ల మీద లేవడం, మోకాళ్లు ఎత్తడం, నాలుగు అడుగులు పక్కకి జరగడం చేస్తూ ఉండాలి. రిఫరీ ఊరుకోడు అంటారేమో. ఆటకి అడ్డం రాకుండా తన జట్టు స్థలంలో నిలబడి చేస్తే ఎవరూ అభ్యంతరం పెట్టగా నేను చూడలేదు. ఒక జెర్సీ పైన ట్రాక్‌సూట్ పైభాగం వేసుకోవడం కూడా ఊరికే షోకు కాదు, వేడి నిలుపుకునే ఉపాయం. పిల్లల ఒళ్లు చిన్నది. బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం పెద్దవాళ్లకంటే ఎక్కువ కాబట్టి చలిలో త్వరగా చల్లబడతారు, మండే ఎండలో త్వరగా వేడెక్కుతారు. చెమట కూడా పెద్దవాళ్లంత పట్టదు.

ఈ కారణంగానే నిమిషాల లెక్క అన్ని చోట్లా ఒకేలా ఉండదు. మన పోస్టింగులు మీకు తెలిసినవే. డిసెంబరులో లేహ్‌లో కోర్టు ఉన్నా వేలు బంతికి ఆనదు. అక్కడ నాలుగైదు నిమిషాలు అదనంగా, నెమ్మదిగా మొదలుపెట్టాలి. ఎత్తుమీద ఆయాసం కూడా చూసుకోవాలి. మే నెలలో సికింద్రాబాద్‌లో, ఉక్కపోత విశాఖలో పిల్లవాడు కోర్టు దాకా నడిచి వచ్చేసరికే సగం వేడెక్కి ఉంటాడు. అక్కడ పది నిమిషాలు చాలు, అదీ నీడలో, ముందూ వెనకా నీళ్లతో.

స్ట్రెచింగ్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. గుండ్రంగా కూర్చుని కాలు చాపి, బొటనవేలు పట్టుకుని, నిమిషం పాటు కదలకుండా ఉండే పద్ధతి మనలో పాతది. ఒక్కో కండరాన్ని నిమిషం దాటి అలా పట్టి ఉంచితే వెంటనే చేసే ఎగురుడులో, బలంలో 4, 5 శాతం దాకా తగ్గుదల ఉంటుందని అనేక పరిశోధనలు కలిపి చూసి తేల్చారు. అర నిమిషం లోపైతే నష్టం స్వల్పం. నిశ్చలంగా సాగదీయడం ఆట అయిపోయాక, సాయంత్రం ఇంటి దగ్గర చేసుకోవచ్చు. ఆటకి ముందు కాలు ఊపుతూ, నడుస్తూ, వంగుతూ చేసేవే మేలు.

అయితే ఇక్కడ నన్ను అపార్థం చేసుకోకండి. పొడుగు వార్మప్ ఎప్పుడూ పనికిరాదని నేను అనడం లేదు. ఫుట్‌బాల్ వాళ్లు తయారుచేసిన ఎలెవెన్ ప్లస్ అనే ఇరవై నిమిషాల వ్యాయామ క్రమం ఉంది. పరుగు, కాళ్ల బలం, ఒంటికాలి మీద నిలకడ, ఎగిరి మెత్తగా దిగడం అందులో ఉంటాయి. దాన్ని ఇటలీలో బాస్కెట్‌బాల్ జట్లతో ఒక సీజన్ అంతా చేయిస్తే దెబ్బలు బాగా తగ్గాయని 2012లో ప్రచురించారు. కెనడాలో హైస్కూలు బాస్కెట్‌బాల్ పిల్లలు తొమ్మిది వందల మందికి పైగా పాల్గొన్న పరిశోధన 2007లో వచ్చింది. నిలకడ వ్యాయామాలు కలిపిన వార్మప్ చేసినవాళ్లలో హఠాత్తుగా తగిలే గాయాలు తగ్గాయి. ఇవి వారాల తరబడి ప్రాక్టీసు రోజుల్లో చేస్తే ఫలితమిచ్చేవి. ముఖ్యంగా మన ఆడపిల్లలకి. ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగి లోపలి లిగమెంటు తెగడం ఆడపిల్లల్లో ఎక్కువ. ఆపరేషన్ చేసినా మళ్లీ ఆడటానికి సుమారు తొమ్మిది నెలలు పడుతుంది, కొందరు ఇక ఆడనే ఆడరు. కాబట్టి ప్రాక్టీసు రోజున ఇరవై నిమిషాలు తీసుకోండి, అది ట్రైనింగ్‌లో భాగం. మ్యాచ్ రోజున కత్తిరించండి.

మరి మ్యాచ్ రోజున చేయవలసిందేమిటి? నా లెక్క పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, ఆట మొదలవడానికి ఐదు నిమిషాలకంటే ముందు ముగియకూడదు. మొదటి నాలుగు నిమిషాలు తేలిక పరుగు, పక్క అడుగులు, వెనక్కి పరుగు, చేతిలో బంతి ఉంటే ఇంకా మంచిది. పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా. తరువాతి మూడు నాలుగు నిమిషాలు కదులుతూ చేసే వ్యాయామాలు: అడుగు ముందుకేసి మోకాలు వంచడం, కాళ్లు ఊపడం, చీలమండ తిప్పడం, భుజాలు తిప్పడం. ఆ తరువాత లేఅప్‌లు, పాస్‌లు, డిఫెన్స్ స్లైడ్‌లు, వేగం పెంచుకుంటూ. చివరి రెండు నిమిషాల్లో నాలుగైదు పూర్తి శక్తి ఎగురుళ్లు, మూడు నాలుగు పది మీటర్ల పరుగులు, మధ్యలో ఊపిరి తీసుకుంటూ. పిల్లవాడికి నుదుట చెమట పట్టాలి, ఆయాసం ఉండకూడదు. అంతకుమించి చేయించాలని మీ చెయ్యి విజిల్ మీదికి పోతే ఆ విజిల్ జేబులో పెట్టుకోండి.

నిబంధనల ప్రకారం ఆటకి ముందు ఇరవై నిమిషాల సమయం ఇవ్వాలి. మన స్థానిక పోటీల్లో ముందు మ్యాచ్ ఆలస్యమై ఆ ఇరవై ఐదైపోతుంది. అందుకని గోడ గడియారం చూడకండి, ముందు మ్యాచ్ స్కోరుబోర్డు చూడండి. నాలుగో క్వార్టర్‌లో ఐదు నిమిషాలు మిగిలాయంటే, ఆట దగ్గర దగ్గరగా ఉంటే, అవి అయ్యేసరికి పదీ పదిహేను నిమిషాలు పడతాయి. అప్పుడు కోర్టు పక్కన ఖాళీ స్థలంలో బంతి లేకుండానే మొదలుపెట్టండి. కోర్టు దొరకగానే లేఅప్‌లకి వెళ్లండి. ముఖ్య అతిథి గారి ప్రసంగం, పరిచయాలు, ఫోటోలు మధ్యలో వస్తే (మనలో అవి తప్పవు, నేనూ ఇప్పుడు అదే చేస్తున్నాను), వరుసలో నిలబడినా మునివేళ్ల మీద లేస్తూ ఉండమని పిల్లలకి చెప్పండి. చేతులు కలిపేటప్పుడు మాత్రం ఆగమనండి.

నా మాట నమ్మనక్కరలేదు, మీరే కొలుచుకోవచ్చు. గోడ పక్కన నిలబడి చెయ్యెత్తి సుద్దతో ఒక గీత, ఎగిరి అందినచోట ఇంకో గీత. మధ్య దూరం టేపుతో కొలవండి. దీన్ని సార్జెంట్ జంప్ అంటారు. ఎయిర్‌ఫోర్స్ మిత్రులు ఇది తమ ర్యాంకు పేరు అనుకుంటారు గాని, అది డడ్లీ సార్జెంట్ అనే అమెరికన్ వ్యాయామ ఉపాధ్యాయుడి పేరు. ఒక ఆదివారం పది నిమిషాల వార్మప్ తరువాత కొలవండి. ఇంకో ఆదివారం అదే వేళకి ముప్పై నిమిషాల తరువాత కొలవండి. మరో ఆదివారం పది నిమిషాలు చేసి, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి కొలవండి. ప్రతిసారీ మూడు ప్రయత్నాలు, అందులో మంచిది రాసుకోండి. ఒక్కో పిల్లవాడి పేరు కింద నోటుబుక్కులో రాస్తూ పోతే రెండు మూడు నెలల్లో ఎవరికి ఎన్ని నిమిషాలు సరిపోతాయో ఆ పుస్తకమే చెబుతుంది. కొందరికి ఎనిమిదే చాలు. కొందరు పదహారు దాకా పుంజుకోరు. అందరినీ ఒకే విజిల్‌కి నడిపించడం పరేడ్‌కి అందం.

సమయం మించిందని అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఒక అన్నగారు చీటీ పంపారు, అది చదివి ఆపేస్తాను. "మా అమ్మాయి ఆటకి ముందు అరగంట సేపు ఫ్రీత్రోలు వేస్తుంది. అది వార్మప్ కిందకి వస్తుందా?" రాదండీ. ఫ్రీత్రో నిలబడి వేసేది, చెయ్యి కుదురుతుంది గాని కాళ్లు వేడెక్కవు. దాన్ని మానిపించకండి, అమ్మాయికి ధైర్యం ఇస్తుంది. ముందు ఎనిమిది నిమిషాలు కాళ్లు కదిలించమనండి, ఆ తరువాత పది ఫ్రీత్రోలు, ఆపైన నాలుగు లేఅప్‌లతో ముగించమనండి. మిగతా ఇరవై నిమిషాలు నీడలో నీళ్లు తాగుతూ కూర్చోవచ్చు, కాని అవి వార్మప్‌కి ముందు. వెనక కాదు.